ఒ.బ్రె. ఐదు డాలర్లు

కానుకల గిన్నెకు అడుగున పచ్చటి ఉన్నిగుడ్డ అతికించారు,
ఎవరెంత వేశారో చప్పుడు చాడీ చెప్పకుండా.
ఇక్కడ వినే చెవులు ఎన్నున్నాయని?
అయినా అతికించారు.
మర్యాద మర్యాదే.

ఆదివారం పదింటికి భోజనాల గదే మా చర్చి.
ఉప్పు సీసాలు పక్కకు జరిపి సిలువ నిలబెడతాం.
కిటికీ అవతల సస్కాచెవాన్ మంచు,
చేను ఏదో రోడ్డు ఏదో ఆనవాలు దొరకదు.
ముప్పై ఒక్క ఏళ్లు ఆ రోడ్ల మీద బడి బస్సు తోలాను.
దిగిన పిల్లల్ని లెక్కపెట్టకుండా తలుపు వేసి ఎరగను.
అందుకే కాబోలు
లాయిడ్ తుంటి విరిగి ఆసుపత్రికి పోయిన వారం
లెక్కల పుస్తకం నా ఒళ్లో పడేశారు.

లాయిడ్ సండ్‌క్విస్ట్, ధాన్యం కాటా దగ్గర జీవితం గడిపినవాడు.
దేవుడున్నాడా అంటే
"నేను తూచలేదు" అనేవాడు.
పాట పాడడు, తల వంచడు,
వెనక వరుసలో గిన్నె కోసం కూర్చుంటాడు.

గిన్నె బోర్లించాను.
చిల్లర. వినికిడి మిషను బ్యాటరీ ఒకటి
(నాణెం అనుకున్నారెవరో, పోనీ).
ఆపైన ఒటీలీ బ్రెక్కే నీలం నోటు,
మూలన గోళ్లరంగు మరక.

పుస్తకం వెనక్కి తిప్పాను.
మూడేళ్లు, వారం తప్పకుండా, నిటారు అంకెల్లో:
ఒ.బ్రె. ఐదు.
పైసా తేడా లేదు.
డబ్బంతా ఊరి బడికి, పిల్లల పొద్దుటి గంజికి చేరింది.
మరి ఈ మరక నోటును
పోయిన నెలలోనూ గిన్నెలో చూసినట్టు గుర్తే!

ఫోను చేశాను. చాలాసేపు దగ్గాడు.
"పర్సు ఖాళీ అయిన ఆదివారం
ఆమె వేళ్లు ఎట్లా వెతికాయో నువ్వు చూడలేదు."
సోమవారం ఆ నోటు ఆమె పర్సులోకి,
తన ఐదు గిన్నెలోకి.
"భక్తీ లేదు, బెల్లమూ లేదు. తూకం సరిచేస్తున్నానంతే."
సరేనన్నాను.
తుంటి విరిగినవాడితో వాదనేమిటి?

నేనూ అలాగే పెట్టాను.
మరుసటి ఆదివారం ఒటీలీ పది వేసింది.
పదీ తిరిగి పెట్టాను, నా పింఛనులోంచి పది పూడ్చాను.
ఆ పై వారం పదిహేను.
కాకిలెక్కలు నాకు చేతకావు.
ఇట్లా సాగితే మంచు కరిగేసరికి నేను దివాలా.

గురువారం రాత్రి నిద్రపట్టక నడుస్తుంటే
ఒటీలీ గదిలో చిన్న దీపం.
జోవెలిన్, ఇలోయిలో నుంచి వచ్చిన నర్సమ్మాయి,
పర్సు తెరిచి ఐదు దోపుతోంది.
లాయిడ్ లేడు కదా, ఎవరు పెడతారని దాని బెంగ.
ఇద్దరం నడవాలో నిలబడి
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాం.
ఆపేద్దాం అనుకున్నాం కూడా.

కానీ ఆ ఆదివారం ఒటీలీ లేచి నిలబడింది.
ఏడాదిగా పూర్తి వాక్యం అనని మనిషి.
"నాకు పొలం లేదు. చెక్కులు రావు.
ఎక్కణ్ణుంచో తెలియదు,
వేసినకొద్దీ ఊరుతోంది."
పాస్టరు ఆమెన్ అనడం మరిచిపోయాడు.
జోవెలిన్ కాఫీ పాత్ర వెనక దాక్కుంది.
నేను బూట్ల వైపు చూశాను.
అబద్ధం ఎక్కడుందో
ఆ గదిలో నాకైతే దొరకలేదు.

నిన్న లాయిడ్ చక్రాల కుర్చీలో తిరిగొచ్చాడు.
చిక్కిపోయాడు, కోటు జేబులు ఆసుపత్రిలోనే ఖాళీ.
గిన్నె ముందుకొచ్చింది. తడుముకున్నాడు.
పక్క కుర్చీలోంచి ఒటీలీ వంగి
అతని అరచేతిలో మరక నోటు పెట్టి
వేళ్లు ఒక్కొక్కటే మూసింది.
"తీసుకో నాయనా, నువ్వూ వెయ్యి. నాకు చాలా ఉంది."

లాయిడ్ వేశాడు.
ఉన్నిగుడ్డ మీద చప్పుడు లేదు.

రాత్రి పుస్తకం ముందు కూర్చున్నాను.
ఐదు సరే,
ఎవరి పేరున రాయాలి?
పెన్సిల్ చెక్కుతూనే ఉన్నాను.